ఇరవై మూడో పట్టీ

సూదిపిన్నికి ఆ పేరు కుట్టుపని వల్ల వచ్చిందని ఆమె అంటుంది. నాలుక వల్ల వచ్చిందని వీధి అంటుంది. రెండూ నిజమే. లాండ్రీ పక్కన మెట్ల కింది గదిలో ముప్పై ఏళ్లుగా ఆమె పాత బట్టలకు కొత్త కొలతలు కుడుతోంది. లావైనవాళ్ల చొక్కాలు వదులు చేస్తుంది, చిక్కినవాళ్ల ప్యాంట్లు బిగిస్తుంది, ఆ పని చేస్తూ వాళ్లెందుకు లావయ్యారో, ఎందుకు చిక్కారో కూడా చెప్పేస్తుంది. ఎవరూ అడగక్కర్లేదు. ఆమెకు కొంచెం భయపడేవాళ్లు వీధిలో ఉన్నారు గానీ ఆమె మాట నమ్మనివాళ్లు మాత్రం లేరు. ఆ నమ్మకమే చివరికి కొంప ముంచింది.

ఇంట్లో ఆమెతో ఉండేది అక్క ఒక్కతే. చెల్లెలి మొగుడు పోయాడు, అక్క అసలు పెళ్లే చేసుకోలేదు. అక్క బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెప్పేది, ఇరవై రెండేళ్లు అదే పని. నోట్లో నువ్వుగింజ నానని మనిషికి అంతకన్నా తగిన ఉద్యోగం ఉండదు. ఇంటికొచ్చాక కూడా ఆ గొంతు ఆగేది కాదు. "తమ టీ స్టవ్వు పక్కన సిద్ధంగా ఉన్నది, దయచేసి త్వరపడగలరు" అని వంటింట్లోంచి ప్రకటించేది. సూదిపిన్ని విసుక్కునేది. ఆ విసుగు లేకపోతే ఆమెకు పొద్దు గడిచేది కాదని అప్పట్లో ఆమెకే తెలియదు.

పోయినేడాది యూనివర్సిటీ వాళ్లు వచ్చారు. గుండెల మీద పరిశోధన. చేతికి ఒక పట్టీ కట్టుకుంటే అది రాత్రింబగళ్లు గుండె కొట్టుకునే తీరును రాసుకుంటుంది, ఆ రాతలన్నీ కంప్యూటరుకు చూపించి, లయ తప్పిన గుండెను ముందుగానే గుర్తుపట్టడం దానికి నేర్పిస్తారు. ఈ వీధి నుంచి అరవై మంది కావాలి, ఆరు నెలలు. మొదట రెండుసార్లు వస్తే జనం మొహాన తలుపులేసేశారు. మూడోసారి పరిశోధన చేసే డాక్టరమ్మ ఒక్కతే వచ్చి నేరుగా మెట్ల కింది గది ముందు నిలబడింది. పల్చటి పిల్ల, ముప్పై కూడా ఉండవు. భుజాన బ్యాగు, దాని జిప్పు ఊడి లోపలి కాగితాలు బయటికి తొంగి చూస్తున్నాయి.

"మీరు చెప్తే ఈ వీధి వింటుందట పిన్నిగారూ."

"ముందు ఆ బ్యాగిటివ్వు తల్లీ. గుండెల సంగతి తర్వాత చూద్దాం."

జిప్పు వేస్తూ సూదిపిన్ని అన్నీ విన్నది. విని ఒక్కటే ప్రశ్న వేసింది. "ఏదన్నా తేడా కనబడితే మాకు చెప్తావా?"

డాక్టరమ్మ టీ గ్లాసు కింద పెట్టి, "నేనుండగా చెప్పకుండా ఎలా ఉంటానండీ" అంది.

ఆ మాటనే సూదిపిన్ని ఇంటింటికీ మోసుకెళ్లింది. ఆ వీధిలో కాగితం కన్నా నోటిమాటకే విలువ. కాగితం మీద సంతకం ఎవరైనా పెడతారు, మొహం చూసి మాటిస్తే మాత్రం తప్పరు. అయినా పద్ధతి ప్రకారం అంగీకార పత్రం చదివి వినిపించాలి. ఎనిమిది పేజీలు. మొదటి ఇంట్లోనే ఆరో పేజీకొచ్చేసరికి సూదిపిన్ని గొంతు ఎండిపోయింది. "చివరి రెండు పేజీలూ మామూలు నిబంధనలే పిన్నిగారూ, ఎవరూ చదవరు" అంది డాక్టరమ్మ. సరేనని ప్రతి ఇంట్లోనూ ఆరో పేజీతో ఆపేసింది. గుడ్డ కత్తిరించే ముందు మూడుసార్లు కొలిచే మనిషి, రెండు పేజీలు కొలవకుండా వదిలేసింది.

పట్టీలన్నీ ఒకే బూడిద రంగు. వాటి మీద అచ్చువేసిన నంబర్లు పది రోజులకే చెరిగిపోయాయి. బట్టలుతికేచోట ఆడవాళ్లు పట్టీలు విప్పి గట్టు మీద పెట్టడం, తిరిగి వెళ్లేటప్పుడు ఎవరిది ఎవరు కట్టుకున్నారో తెలియక కొట్లాడుకోవడం. ఇలాగైతే కూరగాయలాయన గుండె కూడా చీరలమ్మే ఆవిడ లెక్కలోకి పోతుందని సూదిపిన్ని అరవై పట్టీలూ తెప్పించి, ఒక ఆదివారమంతా కూర్చుని ఒక్కోదాని మీద ఒక్కో నంబరు దారంతో కుట్టింది. ఇంటికో రంగు. అక్కది ఇరవై మూడు, బస్టాండు యూనిఫాం నీలం.

"ఖైదీని చేశావు కదే నన్ను" అంది అక్క చెయ్యి తిప్పి చూసుకుంటూ.

డాక్టరమ్మ మాత్రం మురిసిపోయి ఆ పట్టీలకు ఫొటోలు తీసుకుంది. అరవై మందికీ తన చేత్తోనే మళ్లీ కట్టింది.

మూడో వారంలో ఒక సాయంత్రం అక్క చెప్పులు విప్పుతూ అంది, "మైకులో మాట్లాడుతుంటే ఆయాసం వస్తోందే. లోపల పిట్టేదో రెక్కలు కొట్టుకుంటున్నట్టుంది. రేపు ఆస్పత్రికి వెళ్లొస్తా."

సూదిపిన్ని మిషను ఆపలేదు. "సెలవు పెట్టి రోజంతా అక్కడ బెంచీ మీద కూర్చుంటావా? చేతికి అంత మిషను కట్టుకుని? అది నిద్రలో కూడా చూస్తూనే ఉంది. తేడా ఉంటే డాక్టరమ్మ ఈపాటికి పరిగెత్తుకు రాదూ?"

"నువ్వు చెప్తే సరే" అంది అక్క.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అంది. రెండుసార్లూ సూదిపిన్ని అదే జవాబు చెప్పింది, రెండుసార్లూ అక్క సరేనంది. నోరున్న మనిషే గానీ చెల్లెలి మాటకు ఎదురు చెప్పే అలవాటు చిన్నప్పటి నుంచీ లేదు.

ఐదో నెలలో ఒక ఉదయం బస్టాండు మైకులో ఆమె గొంతు వాక్యం మధ్యలో ఆగిపోయింది. నాలుగో ప్లాట్‌ఫారం మీద జనం బస్సు పేరు కోసం తలలెత్తి చూస్తూ నిలబడ్డారట. కండక్టరు ఒకాయన లోపలికి వెళ్లి చూస్తే కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయి ఉంది.

గుండె లయ తప్పడం వల్ల లోపల నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోయిందన్నాడు ఆస్పత్రి డాక్టరు. ముందే తెలిస్తే మాత్రలతో ఆపగలిగేవాళ్లమన్నాడు. "ఇంతకుముందు ఎవరూ గమనించలేదా?" అని అడిగాడు. "గమనించేవాళ్లున్నారు బాబూ, వాళ్లకేమీ కనబడలేదు" అంది సూదిపిన్ని. నిజంగా అదే నమ్మింది. రెండోరోజు డాక్టరమ్మ పళ్లు పట్టుకొచ్చి ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. సూదిపిన్నే ఆ పిల్లను ఓదార్చి, కళ్లు తుడిచి పంపింది.

అక్క ఇంటికొచ్చింది. కుడి చెయ్యి లేవదు, కుడి కాలు ఈడ్చాలి. ఎవరేమన్నా అర్థమవుతుంది. మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది: సరే. ఆకలేస్తోందా అంటే సరే. వద్దా అంటే సరే. నొప్పి ఎక్కడంటే ఎడమ చెయ్యి చూపించి సరే. రోజంతా బస్సుల పేర్లు చెప్పిన నోటికి ఒక్క మాట మిగలడమేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. సూదిపిన్ని మెల్లగా ఏ సరేకు ఏ అర్థమో నేర్చుకుంది.

పరిశోధన ముగిసింది. శనివారం మధ్యాహ్నం బడి హాల్లో వీధివాళ్లందరినీ కూర్చోబెట్టి, బిస్కెట్లు పంచి, ఫలితాలు చూపించారు. యూనివర్సిటీ నుంచి పెద్ద ప్రొఫెసరు వచ్చాడు. తెర మీద మొదట సూదిపిన్ని కుట్టిన పట్టీల ఫొటో వేసి, "ప్రజల భాగస్వామ్యమంటే ఇదీ" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సూదిపిన్ని కొంగు సర్దుకుంది. గర్వంగానే ఉంది మరి, దాచడమెందుకు.

తర్వాత తెర మీద ఒక గీత వచ్చింది. పిల్లాడు చేతికొచ్చినట్టు గీసినట్టు ఎగుడుదిగుడుగా ఉంది.

"ఇది ఇరవై మూడో నంబరు" అన్నాడు ప్రొఫెసరు. "మన కంప్యూటరు రెండో వారంలోనే తేడా పట్టేసింది. మావాళ్లు స్వయంగా చూసి ఖాయం చేశారు కూడా. ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు దొరకలేదు."

మళ్లీ చప్పట్లు. సూదిపిన్ని చేతులు లేవలేదు. రెండో వారం. అక్క పిట్ట సంగతి చెప్పింది మూడో వారంలో. ఆమె ముందు వరసలో కూర్చున్న డాక్టరమ్మ వైపు చూసింది. ఆ పిల్ల తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని బ్యాగు పట్టీ నలుపుతోంది. ఆ క్షణంలో సూదిపిన్నికి మొత్తం అర్థమైపోయింది.

ప్రొఫెసరుకు ఇవేవీ తెలియవు. సోమవారం నుంచి రెండో విడత మొదలవుతుందని, ఈసారి నూట యాభై మంది కావాలని చెప్పి, "మన పిన్నిగారు రెండు మాటలు మాట్లాడతారు" అని మైకు ఆమె చేతికిచ్చాడు.

ఆమె దాన్ని కాసేపు అలా పట్టుకుంది. అక్క వస్తువది.

"ఇరవై మూడు మా అక్క. ఆ నంబరు నేనే కుట్టాను."

ప్రొఫెసరు గొంతు సవరించుకుని, ఎవరి ఫలితాలూ వాళ్లకు విడిగా చెప్పబోమని ఏడో పేజీలో స్పష్టంగా ఉందనీ, పట్టీ ఇంకా పరీక్షలో ఉన్న వస్తువనీ, అందరూ సంతకాలు పెట్టారనీ మర్యాదగానే చెప్పాడు.

"నిజమే" అంది సూదిపిన్ని. మొహం వీధివాళ్ల వైపు తిప్పింది. "ఏడో పేజీ నేను మీకు చదవలేదు. తేడా ఉంటే చెప్తారన్నాను. వాళ్ల మాట మీద నేనన్నాను, నా మాట మీద మీరు సంతకం పెట్టారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. ఇంక నేనెవరి గుమ్మమూ ఎక్కను."

వెనక వరసలోంచి లాండ్రీ ఆయన లేచాడు. "మా నాన్నది నలభై ఒకటి సార్. ఆయనకేమన్నా ఉందా?" ఆయన కూర్చోకముందే ఇంకొకావిడ, "పన్నెండు" అంది. తర్వాత ఎవరి నంబరు వాళ్లు అడగడం మొదలుపెట్టారు. నిబంధనలు ఒప్పుకోవని ప్రొఫెసరు చెబుతూనే ఉన్నాడు. సూదిపిన్ని మైకు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది.

బడి గేటు దగ్గర డాక్టరమ్మ వెనక నుంచి వచ్చి పట్టుకుంది. "నేను అప్పట్లో నంబరే చూశాను పిన్నిగారూ. పేర్లున్న పుస్తకం మేము తెరవకూడదు. ఆస్పత్రికి వచ్చి మిమ్మల్ని చూసి వెళ్లిన రోజు రాత్రి మాత్రం తెరిచాను."

"అంటే నా దగ్గర ఏడ్చినప్పుడు తెలియదు. తర్వాత తెలిసింది."

"చెబితే పరిశోధన ఆగిపోతుందని ల్యాబులో సీనియర్లన్నారు. నా చదువు పోతుందన్నారు. అప్పటికే జరిగిపోయింది కదా అనుకున్నాను."

"చెప్పకపోతే చెప్పకపోయావు, చెప్తానని మాటివ్వకుండా ఉంటే మా దారిన మేము ఆస్పత్రికి పోయేవాళ్లం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు." సూదిపిన్ని గొంతు పైకి లేవలేదు, అదే వింత. బ్యాగు వైపు చూసింది. జిప్పు మళ్లీ ఊడింది. "అది ఇంకెక్కడన్నా కుట్టించుకోండి" అని నడిచింది. ఏడాదిలో ఆ పిల్లను ఆమె మీరు అని పిలవడం అదే మొదలు.

దారంతా డాక్టరమ్మనూ ప్రొఫెసరునూ కసితీరా తిట్టుకుంది. ఇల్లు దగ్గరపడేకొద్దీ తిట్లు తగ్గిపోయాయి. పట్టీ చెప్పలేదు, పట్టీ కట్టినవాళ్లు చెప్పలేదు. కానీ ఆస్పత్రికి వెళ్లొద్దని వాళ్లెవరూ అనలేదు. ఆ మాటన్నది తనే.

అక్క కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. సూదిపిన్ని రోజూలాగే దువ్వెన తీసుకుని వెనక నిలబడి జడ విప్పింది, రెండుసార్లు దువ్వింది. మొహం కనబడకుండా చెప్పడం సులువనుకుంది గానీ, అది దొంగతనమనిపించి ముందుకొచ్చి నేల మీద కూర్చుంది.

"అక్కా, వాళ్లకు రెండో వారంలోనే తెలుసట."

అక్క చూస్తోంది.

"నువ్వు మూడుసార్లు ఆస్పత్రికి వెళ్తానన్నావు. మూడుసార్లూ నేనే ఆపాను. పట్టీ చూసుకుంటుందన్నాను. నన్ను నమ్మావు నువ్వు."

చెప్పేసి, దువ్వెన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాలు కావాలా అన్నా, కిటికీ మూయనా అన్నా వచ్చే ఆ ఒక్క మాట ఇప్పుడూ వస్తుందనుకుంది. ఏ అర్థంతో వచ్చినా తీసుకుందామనుకుంది.

అక్క ఆమె వైపు చాలాసేపు చూసింది. తర్వాత మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఏమీ అనలేదు.