కెమెరా సంచిలో బియ్యం మూట

మా ఆవిడ సుభాషిణికి పిట్టల పిచ్చి. వారమంతా కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్లు చూసుకుంటుంది. ఆదివారం వస్తే చాలు, సరోజినీ నగర్ క్వార్టర్లో కాలు నిలవదు. నన్ను లేపి ఓఖ్లా దగ్గర యమున ఒడ్డుకు లాక్కుపోతుంది. చలికాలంలో అక్కడికి వలస పక్షులు దిగుతాయి. ఫోన్లో ఫోటో తీసి, సూదితోక బాతు చూడండి అనేది. నాకు నీళ్ల మీద ఓ నల్లచుక్క కనిపించేది. పప్పులో రాయిలా ఉందని ఓసారి నోరు జారాను. అప్పటినుంచి ఆవిడకు కెమెరా కావలసి వచ్చింది. తప్పు నాదే.

కొత్తది అక్కర్లేదంది. పాత సామాన్ల యాప్‌లో రెండు నెలలు వెతికింది. అన్నం కూడా ఫోను చూస్తూనే తినేది. ఢిల్లీలో సగంమంది కెమెరాలు కొంటే మిగతా సగం అమ్ముకుంటున్నారని నాకు అప్పుడే తెలిసింది. లక్ష్మీ నగర్లో కొన్న మొదటిది ఇంటికొచ్చేలోపే మూగబోయింది. రెండోదాని లెన్సు లోపల బూజు. నేను ఊరుకుంటానా, చూసి కొనాలని నీతులు చెప్పాను. మూడోదీ ఇలాగే అయితే ఇక పిట్టల జోలికే వెళ్లనని తేల్చేసింది. ఆ మాటకు నిజంగా భయమేసింది. పిట్టల్లేని ఆదివారాలు ఈవిడతో గడపాల్సింది నేనే కదా.

ఫిబ్రవరి సగమైంది, పక్షులు తిరిగి వెళ్లిపోయే రోజులు. నోయిడా నుంచి ప్రకటన వచ్చింది, పొడుగు లెన్సుతో సహా. అమ్మేవాడి పేరు రఘురామ్, రాసేదంతా హిందీలోనే. సుభాషిణి టార్చి, మెమరీ కార్డు సంచిలో వేసుకుని మెట్రోలో కూర్చుంది. సీట్లో కుదురుగా ఉంటేనా, స్టేషన్లు లెక్కపెడుతూనే ఉంది.

రఘురామ్‌కు ముప్పై ఏళ్లుంటాయి. కెమెరా సంచి తెచ్చి బల్లమీద పెట్టాడు. సుభాషిణి జిప్పు లాగేసరికి పాతచీర పీలికతో కట్టిన చిన్న మూట జారిపడింది. లోపల బియ్యం.

"అరే, యే మమ్మీ కా హై," అమ్మదంటూ అతను దాన్ని పారేయబోయాడు. సుభాషిణి వదల్లేదు. లెన్సుకు చెమ్మ పట్టకుండా కాకినాడలో వాళ్ల నాన్నగారు కూడా పెట్టెలో ఇలాగే బియ్యం పెట్టేవారట. ఇది మనవాళ్ల పనే అనుకుని, లోపలి గదివైపు తిరిగి తెలుగులో పిలిచింది.

"పెద్దవాళ్లెవరైనా ఉన్నారాండీ?"

"ఉన్నానమ్మా," అంటూ ఓ పెద్దావిడ గోడ పట్టుకుని వచ్చింది. పేరు లలితకుమారి, ఊరు బందరు. కెమెరా ఆవిడదే. మోకాళ్లు సహకరించక, తనే కొడుకుచేత ప్రకటన వేయించిందట.

ఆవిడ బేరం ఊసెత్తలేదు. దీంతో ఏం తీస్తావని మాత్రం అడిగింది. మా ఆవిడ ఫోను తీసి ఆ నల్లచుక్కే చూపించింది. నాకు తల తీసేసినట్టయింది. పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని చూసింది.

"సూదితోక బాతు కదూ?"

సుభాషిణి నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. తర్వాత టార్చి వేసి లెన్సు చూసింది. బూజు అన్న మాటే లేదు. కార్డు వేసి పది ఫోటోలు తీసింది, పదీ వచ్చాయి. తిరుగు ప్రయాణంలో బియ్యం మూటతో సహా సంచి ఒళ్లోంచి దించలేదు.

ఆ ఆదివారం ఓఖ్లాలో మొదటి ఫోటో చూపించింది. బాతు ఈకలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి, కంట్లో మెరుపుతో సహా. ఎగతాళి పక్కన పెట్టి ఇంకోటి చూపించమన్నాను. అలా ముప్పై చూశాను.

ఫోటో లలితకుమారిగారికి పంపితే వాయిస్ మెసేజ్ వచ్చింది. "బాతు కన్ను బాగా పడిందమ్మా. ఇంతకీ బియ్యం మార్చావా?"

సుభాషిణి నాలుక కరుచుకుంది. నేనే ఫోను అందుకున్నాను.

"నిన్ననే నేను మార్చానండీ," అన్నాను.