నా చేతికి లేవని పొక్కు

మా చిన్నప్పుడు... జమ్మలమడుగు నుంచి టీకాలాయన సైకిలు మీద వస్తున్నాడంటే చాలు, పిల్లలమంతా జొన్నచేలలో దూరేవాళ్ళం. అప్పట్లో మశూచి భయం.

ఆ ఏడు నన్నూ తమ్ముణ్ణీ మా నాయన చెవులు పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడు. ఇద్దరికీ చేతి మీద మందుచుక్క పెట్టి గీకారు. టీకాలాయన అటు తిరగగానే మా అవ్వ వక్కాకు సంచిలోంచి సున్నం తీసి, మందు పట్టకుండా నా చేతికి రుద్ది తుడిచేసింది. తమ్ముడి చెయ్యి మాత్రం ముట్టలేదు.

అమ్మ అడిగితే అవ్వ చెప్పిన మాట ఇంకా గుర్తుంది.

“పెద్దోడు పడకేస్తే బర్రెల్ని ఎవరు తోలుకపోతారే? చిన్నోడు ఈడ చేసేదేముంది, పండుకోనీ.”

తమ్ముడికి టీకా పట్టింది. పొక్కు లేచింది, జ్వరం వచ్చింది. ఇంటికి అమ్మవారే వచ్చినట్టు చూశారు... గడపకు వేపమండలు, ఇంట్లో తాలింపు లేదు, వాణ్ణి ఒక మాట అనేవాళ్ళు లేరు. వాడు అమ్మ ఒళ్ళో పడుకుని పెరుగన్నం తినేవాడు. అమ్మ ఆ పొక్కు మీద మెల్లగా ఊదేది.

నేను బర్రెల వెనక... కడుపు మండిపోయేది.

ఒకరోజు తుమ్మముల్లుతో నా చెయ్యి నేనే గీక్కున్నాను, పొక్కు లేస్తుందేమోనని. నెత్తురు వచ్చింది, అంతే. అమ్మ చూసి రెండు తగిలించింది.

కొన్నాళ్ళకు టీకాలాయన ఎవరికి పట్టిందో చూడడానికి మళ్ళీ వచ్చాడు. నా చెయ్యి చూసి, “ఏందవ్వా, తుడిచినావా?” అన్నాడు. అవ్వ వక్క నములుతూ ఆకాశం చూసింది. మళ్ళీ గీకించుకున్నాను. అవ్వకు అందకుండా మిద్దె ఎక్కి కూర్చున్నాను.

ఈసారి పట్టింది. జ్వరమూ వచ్చింది. కానీ అప్పటికి శెనక్కాయ పెరికే పని మొదలైంది. అమ్మ పొద్దున్నే చేనికి పోయేది. వేపమండ నేనే విరుచుకుని పక్కలో వేసుకున్నాను. సాయంత్రం అమ్మ మన్ను చేతులతోనే నా నుదురు తాకి, “తమ్మునికి మానలేదా... నీకూ మానుతుందిలేరా” అని పొయ్యి కాడికి పోయింది.

ఊదుతుందేమోనని చెయ్యి చాపుకునే ఉన్నాను.

మొన్న ప్రొద్దుటూరులో మా మనవడికి ఫ్లూ టీకా వేయించారు. దానికి కొడుకూ కోడలూ ఇద్దరూ సెలవు పెట్టారు. డాక్టరమ్మ ఎంత ఓపికగా చెప్పిందో... ఆ జ్వరం ఏటా రూపు మారుస్తుందంట, అందుకే ఏటా వేయించాలంట. చిన్నపిల్లలకు మొదటిసారైతే నెల తర్వాత ఇంకోటి. చెయ్యి నొప్పి, కొంచెం జ్వరం వచ్చినా ఒకట్రెండు రోజుల్లో పోతాయంట. ఒళ్ళు బాగా కాలుతుంటే ఆగి వేయించాలి, ఇదివరకు ఏ టీకా అయినా పడకపోయుంటే ముందే చెప్పాలి. ప్రతి జలుబునూ ఆపదు గానీ, ముదిరి ఆస్పత్రి పాలు కాకుండా కాపాడుతుందంట.

మా చేతులకు ఏం చేస్తున్నారో మాకెవరూ చెప్పలేదు.

సూది తీయగానే కోడలు వాడి చెయ్యి పట్టుకుని ఊదింది. వాడు ఏడవను కూడా లేదు... అయినా ఊదింది.

ఈ వయసులో నవ్వుతారేమో గానీ, నాకు కుళ్ళుగానే ఉంది. వాడికి మచ్చ కూడా పడలేదు. నా మచ్చ ఇంకా అట్లే ఉంది, పావలా బిళ్ళంత...

మీ చేతి మీద కూడా ఆ మచ్చ ఉందా? దాని మీద ఎవరు ఊదారు?