వెనక్కి తిప్పి బిగించిన ప్యానెల్

శ్మశానం గట్టున ఉన్న తుమ్మచెట్టును మా ఊళ్ళో ఎవరూ ముట్టుకోరు. ఇరవై రెండేళ్ళ వయసులో నేను దాన్ని పట్టపగలు నరికి తెచ్చి రెండు నాగళ్ళు చెక్కాను. దయ్యమనేది ఉంటే ఆ రోజే నా మెడ విరవాల్సింది. ఏమీ కాలేదు. మా అమ్మ మాత్రం నెల రోజులు దిష్టి తీసింది. అప్పటినుంచి దయ్యం మాట ఎవరెత్తినా నవ్వడం నాకు అలవాటు. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పను. చూసింది చెబుతాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. వడ్రంగం మా కులవృత్తి. తొంభైల్లో ఖతర్ వెళ్ళాను. మా ఇంట్లోవాళ్ళకు అది కూడా దుబాయే. మెసయీద్‌లో ఒక కంపెనీ క్యాంపులో కార్పెంటర్ డ్యూటీ. ఇసుకలో వరసగా నిలబెట్టిన పోర్టా క్యాబిన్లలో మేముండేవాళ్ళం. ఆ క్యాబిన్ గోడకు బయట రేకు, లోపల ప్లైవుడ్ ప్యానెల్, మధ్యలో చెక్క ఫ్రేము, వేడి రాకుండా గాజుదూది. తలుపు ఊడినా, గోడ చిల్లుపడినా క్యాంపులో నన్నే పిలిచేవాళ్ళు.

మా గదిలో ఆరుగురం. మిగతావాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు మల్లన్న, అందరికంటే పెద్దవాడు. ఇంకొకడు రాజేశం, మా పక్క ఊరివాడు, నాకంటే నాలుగేళ్ళు చిన్న. వాడికి వీసా వచ్చేలా చేసింది నేనే. మేం కలిసి బయల్దేరిన రోజు వాడి పెళ్ళాం బస్సు దగ్గర నా చేతులు పట్టుకుని, "నీ తమ్ముడనుకో అన్నా" అంది. అనుకున్నాను కూడా.

ఆ రోజుల్లో ఊరినుంచి ఉత్తరాలకంటే క్యాసెట్లు ఎక్కువగా వచ్చేవి. చదువు రానివాళ్ళు మాటలు రికార్డు చేసి, సెలవు మీద వచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చేవాళ్ళు. ఒక శుక్రవారం రాజేశానికి అలాంటి క్యాసెట్ వచ్చింది. టేప్‌రికార్డర్‌లో పెట్టాడు. వాడి వదిన ఏడుపు. వాడి అన్న పొలం మోటరు దగ్గర కరెంటు కొట్టి పోయాడట. అప్పటికి పాతిక రోజులైంది. దినాలు కూడా అయిపోయాయి.

రాజేశం లేచి గోడను గుద్దాడు. ఒక్క గుద్దుకే ప్లైవుడ్ చీలి చెయ్యి గాజుదూదిలోకి దిగింది. బయటకు తీసి మళ్ళీ గుద్దాడు. తర్వాత తలతో కొట్టుకున్నాడు. నేనూ మల్లన్నా కలిసి పట్టుకుంటే నా ఛాతీ మీద తలతో పొడిచాడు. వాడి పిడికిలి నిండా పేళ్ళు గుచ్చుకున్నాయి. నేనే కూర్చుని ఒక్కొక్కటీ పీకాను.

క్యాంప్ బాస్ వచ్చి చూశాడు. "ఏక్ బార్ ఔర్ తూటా తో సీదా ఎగ్జిట్," అన్నాడు. ఇంకోసారి గోడ పగిలితే రాజేశాన్ని ఇంటికి పంపేస్తానని. ఇప్పుడు రెండిళ్ళూ వాడి మీదే పడ్డాయి, వాడిదీ వాడి వదినదీ. ఆ ఉద్యోగం పోతే వాడికి ఇంకో దారి లేదు. అది నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

గోడ బాగుచేసే పని నామీద పడింది. స్టోర్‌లో కొత్త షీటు లేదు. క్యాంపు వెనక స్క్రాప్ యార్డులో ఎక్కడో సైటునుంచి తెచ్చి పడేసిన పాత క్యాబిన్ ఒకటుంది. కాపలా ఉండే పఠాన్ ముసలాయన భోజనానికి వెళ్ళినట్టున్నాడు. దాని తలుపు పక్కనున్న ప్యానెల్ ఊడదీసుకొచ్చాను. మంచి మందం, ఎక్కడా చీలిక లేదు. కాకపోతే రంగు వేసిన ముఖం మీద మూడు గుంటలున్నాయి. కొలిచాను, నేలనుంచి అయిదడుగుల ఎత్తు, మూడూ పక్కపక్కనే. చుట్టూ గోధుమరంగు మరకలు. టీ మరకలనుకున్నాను.

వంకర ముఖం గోడకు పెట్టు, మంచి ముఖం మనిషికి పెట్టు అని మా నాయన నేర్పాడు. ప్యానెల్‌ను వెనక్కి తిప్పాను. గుంటలున్న ముఖం గోడలోపలికి పోయింది. వాటివల్ల ఇవతలికి వచ్చిన ఉబ్బును చిత్రిక పట్టి, పుట్టీ పెట్టి, క్రీమ్ రంగు వేశాను. ఎక్కడ అతుకు పడిందో నాకే తెలియనంత బాగా కుదిరింది. గదిలో వాళ్ళందరికీ చూపించి గొప్పలు కూడా పోయాను.

రెండో శుక్రవారం మేమందరం దోహా వెళ్ళాం. కూరగాయలు కొనుక్కుని తిరిగొచ్చేసరికి గోడ పగిలివుంది. పుట్టీ రాలి, చీలిక పడి, రెండు మూడు పేళ్ళు లేచివున్నాయి. మల్లన్న నవ్వాడు. "పనోడు పందిరేత్తె కుక్కతోక తాకి కూలిందట. గిదేనా నీ పనితనం?"

నాకు ముక్కు మీదే కోపం. రాజేశం ఆ రోజు మాకంటే ముందు బస్సులో వచ్చాడు. అడిగితే తనకేమీ తెలియదన్నాడు. వాడి కళ్ళలోకి చూసి నమ్మలేదు. అయినా క్యాంప్ బాస్ కంట పడకముందే కాపాడాలని, పగిలిన చోట అడుగున్నర ప్లైవుడ్ ముక్క ఒకటి పెట్టి పన్నెండు మేకులు కొట్టాను. కింద ఏం జరిగిందో చూడలేదు. తొందరలో పైన ముక్క కొట్టడం వడ్రంగి చేసే పని కాదు. చేశాను.

ఆ తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం, ఎండ మండిపోతున్న వేళ. నేనూ మల్లన్నా వంటషెడ్డు నుంచి అన్నం గిన్నె పట్టుకుని వస్తున్నాం. మిగతావాళ్ళు బయటికెళ్ళారు. మా క్యాబిన్ ముందు మెట్టు ఎక్కుతుండగా లోపల దెబ్బ వినిపించింది. ధన్‌మని. మెట్టు అదిరింది. మళ్ళీ ఒకటి. గిన్నె కింద పెట్టి తలుపు తోశాను. లోపల గడియ వేసుంది. మూడో దెబ్బ పడింది. తలుపును కాలితో తన్నాను, గడియ ఊడింది.

లోపల రాజేశం ఒక్కడే ఉన్నాడు. గోడ ముందు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. నుదుటినుంచి రక్తం కారుతోంది. నేను కొట్టిన ముక్క అవతలి మంచం మీద పడివుంది. గోడకు మూడు చిల్లులు.

"నేను గాదే అన్నా," అన్నాడు. "గోడనే గుద్దుతాంది."

నేను కొట్టాను. మొదటి దెబ్బకు వాడు మంచం అంచుకు తగిలి పడ్డాడు. లేవబోతే మళ్ళీ కొట్టాను. రెండు పళ్ళు రాలి నేల మీద పడ్డాయి. కాలర్ పట్టి లేపి ముఖం మీద గుద్దాను, ఎన్నిసార్లో గుర్తులేదు. వాడు తిరిగి ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. చేతులడ్డం పెట్టుకుని అదే మాట అంటున్నాడు. చివరికి దవడ కటుక్కుమంది. ఎండిన కొమ్మ విరిగినట్టు వినిపించింది. మల్లన్న వెనకనుంచి నా నడుము పట్టి లాగాడు. "సత్తడురా, ఇడువు!" అని అరిచాడు.

క్యాంప్ బాస్ పరుగెత్తుకొచ్చాడు. గోడ చూశాడు, వాణ్ణి చూశాడు, నన్నడిగాడు: "కిస్‌నే తోడా?"

గోడ ఎవరు పగలగొట్టారని అడిగాడు. నేను వేలితో రాజేశాన్ని చూపించాను. అప్పుడు వాడికి మాట రాదు. నోరు తెరవలేడు.

కంపెనీ పికప్‌లో దోహా ఆసుపత్రికి తీసుకెళ్ళి, దవడకు తీగలు కట్టించి, మూడో రోజు తెచ్చి క్యాంపు డిస్పెన్సరీలో పడుకోబెట్టారు. ఆ వచ్చే ఆదివారం వాడికి టికెట్. గదిలో రెండోసారి కూడా గొడవ చేశాడని రాసుకున్నారు. నా పేరు ఎక్కడా రాలేదు. మంచి కార్పెంటర్ దొరకడం కష్టం.

బుధవారం సాయంత్రం గోడ బాగుచేయడానికి కూర్చున్నాను. అప్పుడు చూశాను.

చెక్క ఎటు చీలిందో చూస్తే దెబ్బ ఎటునుంచి పడిందో నేను చెప్పగలను. దానికి దేవుడూ దయ్యమూ అక్కర్లేదు, పదేళ్ళు గొడ్డలి పట్టుకుంటే చాలు. ఆ మూడు చిల్లుల దగ్గరా పేళ్ళన్నీ గదిలోకి లేచివున్నాయి. గదిలో నిలబడి గుద్దితే అవి గోడలోకి పోవాలి, క్యాసెట్ రోజున పోయినట్టు. ఊడిపడిన ముక్క మేకులు వెనకనుంచి తోసినట్టు వంగివున్నాయి. రాజేశం గోడలోపల నిలబడి గుద్దాడా?

ప్యానెల్ ఊడదీశాను. గాజుదూది నేను పరిచినట్టే ఉంది, ఎక్కడా నలగలేదు. బయటి రేకు మీద చిన్న సొట్ట కూడా లేదు. ప్యానెల్‌కూ దూదికీ మధ్య నా అరచెయ్యి కూడా పట్టదు. దాచిన ముఖం మీది మూడు గుంటలూ చిల్లులై ఇవతలికి వచ్చాయి. వాటి చుట్టూ ముట్టుకుంటే తడి తగిలింది. ఏసీ చల్లదనానికి చెమ్మ పట్టిందనుకున్నాను. వేళ్ళు వాసన చూస్తే తుప్పు వాసన.

యార్డులో పఠాన్ చాచా దగ్గరికి వెళ్ళాను. ఆ క్యాబిన్ ఎక్కడిదని అడిగాను. ఆయన చేతిలోని తస్బీ పూసలు తిప్పడం ఆపి, తలుపు పక్క ప్యానెల్ తీసింది నువ్వేనా అన్నాడు. ఆ గదిలో ఇద్దరు కొట్టుకున్నారట. ఒకడు ఇంకొకడి జుట్టు పట్టి తలను ఆ గోడకేసి బాదాడట. ఎన్నిసార్లని అడిగాను. "తీన్ బార్," అన్నాడు, మూడుసార్లని. దెబ్బలు తిన్నవాడు బతికాడో లేదో ఆయనకు తెలియదు. వాణ్ణి ఎందుకు కొట్టారని అడిగితే, వాడు చేయని పనికని విన్నానన్నాడు. విన్న మాటే, చూసింది కాదు.

అక్కడినుంచి తిన్నగా క్యాంప్ బాస్ దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళలేదు. వెళితే, నేను ఒక నిరపరాధి దవడ విరగ్గొట్టానని నా నోటితో నేనే చెప్పాలి. దానికంటే ముసలాయన కథలు చెబుతున్నాడనుకోవడం సులువు. నాకు నేను రుజువు చేసుకోవాలని, ఆ ప్యానెల్‌కే మళ్ళీ చిల్లులు పూడ్చి, మళ్ళీ అలాగే తిప్పి బిగించాను.

శుక్రవారం మధ్యాహ్నం వరకు చూశాను. అందరినీ బయటికి పంపి, తలుపు గడియ పెట్టి, ఏసీ కూడా ఆపేసి, గోడకు నాలుగడుగుల దూరంలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. చేతిలో సుత్తి. చెమట కారి చొక్కా వీపుకు అంటుకుంది. రాజేశం వస్తే బాగుండు, వాడే పగలగొడితే బాగుండు అనుకున్నాను. సిగ్గులేకుండా అదే కోరుకున్నాను.

మొదటి దెబ్బకు పుట్టీ రాలి నా ఒళ్ళో పడింది. రెండో దెబ్బకు ఒక పేడు వచ్చి నా చెంప కోసింది. ఆ గీత ఇప్పటికీ ఉంది. రెండో దెబ్బకూ మూడో దెబ్బకూ మధ్య కాస్త ఆగింది, కొట్టేవాడు ఊపిరి తీసుకునేంత సేపు. మూడోది పడ్డాక అంతా నిశ్శబ్దం. ఫ్రేము కదల్లేదు, రేకు మోగలేదు, ఒక్క ప్యానెల్ మాత్రమే పగిలింది. గోడలకు చెవులుంటాయని విన్నాను. చేతులుంటాయని ఎవరూ చెప్పలేదు.

సుత్తితో ఆ ప్యానెల్‌ను ముక్కలు ముక్కలుగా కొట్టాను. అరుస్తూ కొట్టాను. ముక్కలన్నీ యార్డుకు మోసుకెళ్ళి డీజిల్ పోసి కాల్చాను. యార్డులోకి ఆ వారమే వచ్చిన వేరే క్యాబిన్ నుంచి ఇంకో ప్యానెల్ తెచ్చి బిగించాను. ఆ గోడ మళ్ళీ పగల్లేదు.

రాజేశం అప్పటికింకా డిస్పెన్సరీలోనే ఉన్నాడు. రెండు వందల అడుగుల దూరం. ఇంకా రెండు రోజులు ఉన్నాడు. నేను వెళ్ళలేదు. చెంప మీద గాయం ఏమిటని మల్లన్న అడిగితే, రంపం జారిందన్నాను.

రెండేళ్ళ తర్వాత సెలవు మీద ఊరికి వెళ్ళినప్పుడు వాళ్ళింటికి వెళ్ళాను. దవడ ఒక పక్కకు జరిగి అతుక్కుంది. అన్నం ఒక వైపే నములుతున్నాడు. కూలికి పోతున్నాడట. ఊళ్ళో వాణ్ణి గోడలు గుద్దే రాజేశం అంటున్నారు. ఆ మాట ఊరికి చేర్చింది నా ఉత్తరమే. వాడి పెళ్ళాం నాకు మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

వాడు నా చెంప మీది గీత కాసేపు చూశాడు. తర్వాత అడిగాడు.

"అన్నా, నేనచ్చినంక గా గోడ మల్ల పలిగిందా?"

"లేదురా," అన్నాను.

"అయితే నేనే గావచ్చు," అన్నాడు. "అన్న పోయిండన్న రందిల నాకే ఎర్క లేకుండ గుద్దిన్నేమో. నువ్వు కొట్టిందాంట్ల తప్పులేదే."

ఆ గోడలో ఏముందో నాకు ఈ రోజుకూ తెలియదు. చెక్క గురించి నాకు తెలిసినదంతా పెట్టి ఆలోచించాను, తేలలేదు. తెలిసింది ఒక్కటే ఉంది. అది ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను.

ఆ గోడ మళ్ళీ పలిగింది, రాజేశం. నువ్వు ఇంకా మెసయీద్‌లో ఉండగానే పలిగింది. నేను ముందు కూర్చుని చూశాను. నువ్వు కాదు.