మడి మేడంగారి మూకుడు

రాజమండ్రి గోదావరి గట్టున సూరిబాబు బండి మీద మిరపకాయ బజ్జీ నూనెలో పడి చుయ్‌మందంటే, ఆ వాసనకు అవతలి ఒడ్డున కొవ్వూరు కూడా లొట్టలు వేస్తుంది. నాకు మాత్రం నోరూరడంతోపాటు చెవులు ఎర్రబడతాయి. నోరూరడం బజ్జీ మహిమ. చెవులు ఎర్రబడేది మా సూపరింటెండెంటు వరలక్ష్మి గారు గుర్తొచ్చి.

నా కడుపుకు గోధుమ పడదని డాక్టరు తేల్చినప్పుడు, వరికి పుట్టిల్లయిన ఈ సీమలో అదీ ఒక కష్టమేనా అని ఆఫీసులో అందరూ నవ్వారు. మైదా నలుసంత తగిలితే చాలు, మంచానికీ స్నానాలగదికీ మధ్య నేను వారమంతా లాంచీలా తిరిగేవాణ్ణి. నవ్వనిది వరలక్ష్మి గారొక్కరే. ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని సూరిబాబును బోనెక్కించారు.

“పునుగుల్లో మైదా కలుపుతావా?”

“కలపకపోతే పొంగవండి.”

“ఆ నూనెలోనే బజ్జీలూ వేస్తావా?”

“నూనెకి కులమేంటండి మేడం!”

మర్నాడు ఆవిడ ఇంటినుంచి చిన్న మూకుడు తెచ్చారు. “ఇది మావాడి బజ్జీలకే. శనగపిండి వేరే గిన్నెలో కలుపు. పునుగుల గరిట ఇందులో పెట్టావో, నీ బండిని గోదాట్లో కలిపేస్తాను.”

కొన్నాళ్ళకు కొత్త ఆఫీసరుగారు బదిలీ మీద వచ్చారు. బజ్జీలకని అందరం కలిసి వెళ్ళాం. సూరిబాబు అలవాటుగా, “మీకు చిన్న మూకుడే కదండి?” అన్నాడు.

“ఏంటండీ, ఈ రోజుల్లో కూడా మడా? మాతో కలిసి తింటే మైలపడిపోతారా?” అన్నారు ఆఫీసరుగారు.

నలుగురూ నా వైపు చూశారు. నాకు జబ్బండీ అంటే సరిపోయేది. దానికి బదులు, “అబ్బే, నాకు మడేంటండీ! అంతా వరలక్ష్మి గారి చాదస్తం” అని పునుగుల నూనెలో వేగిన బజ్జీ చేతిలోకి తీసుకున్నాను.

ఆవిడ నా వెనకే నిలబడి ఉన్నారు.

చటుక్కున నా చేతిలోని బజ్జీ లాక్కుని పళ్ళెంలో పడేశారు. “నిజమేనండీ, మడి నాదే. నా కింద పనిచేసేవాడు నా మూకుట్లోదే తినాలి. మూర్ఖురాలిని, ఏం చేస్తాం!” అన్నారు.

ఆనాటినుంచి ఆవిడ పేరు మడి మేడం. పదవీ విరమణ సభలో కూడా ఎవరో ఆ పేరుతోనే ఛలోక్తి విసిరారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వెళ్తూ వెళ్తూ ఆవిడ నా దగ్గర ఆగి, “నవ్వితే నవ్వావు గానీ, బయట తినేటప్పుడు అడగడం మానకు నాయనా” అన్నారు. నిరుడు ఆవిడ పోయారు.

ఈ సాయంత్రం బండి దగ్గర ఆ ఆఫీసరుగారే కనిపించారు, నెరిసిన జుట్టుతో. “ఇంకా ఆ మడి మేడం మూకుడేనా?” అని నవ్వారు.

“ఆవిడకి మడి లేదండీ. గోధుమ తగిలితే నాకు జబ్బు. ఆ రోజు మీకు చెప్పడానికి సిగ్గుపడ్డాను.”

ఆయన నవ్వు ఆగిపోయింది. మూకుడు వైపు చూసి, “ఆవిడ ఉండగా చెప్పాల్సిందండీ” అన్నారు.

బజ్జీ చేతిలోనే చల్లారింది.