పాత ఊరి ఒడ్డున కంచం మోత

దెయ్యాలంటే నాకు మొదట్నుంచీ నవ్వులాటే. బరంపురం బజారులో మా కొట్టు పక్కన టీ బడ్డీ దగ్గర ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే, "దెయ్యం సరుకు కొనదు, బేరం ఆడదు, దాంతో మనకేటి పని?" అని ఆట పట్టించేవాణ్ణి. ఇప్పుడు నేను చెప్పేది విని మీరు నన్ను ఆట పట్టించినా నాకు కోపం రాదు.

మాది తాతల నాటి నుంచీ బరంపురంలో వ్యాపారం చేసుకుంటున్న షావుకార్ల కుటుంబం. ఇంట్లో నీచు ముట్టం. కొట్టులో అమ్మేవి మాత్రం వలలు, నైలాన్ తాళ్ళు, గేలాలు, బెండ్లు. అమ్మడంతో ఆగి ఉంటే బాగుండేది. కొత్తగా వచ్చిన గేలాలు ఎలా పనిచేస్తాయో చూద్దామని ఒకసారి జాలర్ల ఊరు పొడంపేట వెళ్ళి, మా దగ్గర వలలు కొనే అప్పన్నతో సముద్రం మీదకి వెళ్ళాను. ఆ పిచ్చి ఇంక వదల్లేదు. కొన్నాళ్ళకి నాకంటూ ఒక చిన్న ఫైబర్ పడవ కొనుక్కుని అప్పన్న వాళ్ళ దగ్గరే ఉంచాను.

పడిన చేపలన్నీ అప్పన్న ఇంటికే. నేను ఇంటికొస్తే మా ఆవిడ లలిత పెరట్లోనే స్నానం చేయించి గానీ లోపలికి రానివ్వదు. "తినేది పప్పు, పట్టేది చేప. ఏ జన్మలో కొంగై పుట్టేరో" అంటుంది. ఆ మాటకి మా వీధంతా నవ్వుతుంది.

ఆ రోజు అప్పన్న ఊళ్ళో లేడు. బంధువుల పెళ్ళికని పొలసర వెళ్ళాడు. వాళ్ళ అమ్మ పోలమ్మ చూస్తే నన్ను ఒక్కణ్ణీ వెళ్ళనివ్వదు. అందుకని ఆమె లేవకముందే, తెల్లవారుతుండగా, ఏటిలో కట్టి ఉన్న పడవ విప్పేశాను. తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం కాబట్టి అక్కడ మోటారు వాడకూడదు. తెడ్లతోనే బయల్దేరాను. సముద్రం చెరువులా ఉంది. నా అంత అదృష్టవంతుడు లేడనుకున్నాను.

ఫోను స్కూటర్ డిక్కీలో పెట్టేశాను. దగ్గరుంటే కొట్టు కుర్రాళ్ళు తాళం ఎక్కడా, తూకం రాళ్ళు ఎక్కడా అని చంపేస్తారు. దిక్సూచీ లేదు. కొట్టులో అద్దాల బీరువా నిండా దిక్సూచులు అమ్మే మనిషిని, పడవలో ఒక్కటీ పెట్టుకోలేదు. దీపం కింద చీకటి అంటారే, అది నన్ను చూసే అని ఉంటారు.

గేలం వేసి కూర్చున్నాను. ఒక్క చేపా తగల్లేదు. కాసేపటికి ఉత్తరం నుంచి మంచు కమ్ముకుని రావడం కనిపించింది. దూరంగా ఉన్న పడవలు ఒకదాని వెనక ఒకటి ఒడ్డుకి తిరిగిపోతున్నాయి. నేనూ తిరగాల్సింది.

కానీ మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. పొద్దున్న కొట్టు తెరిచాక బోణీ కాకుండా తలుపు వెయ్యం. మా నాన్న జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా, ఎవరికో ఒకరికి మూర తాడైనా అమ్మాకే లేచేవారు. ఆ పట్టింపు నాతో పాటు పడవెక్కింది. ఒక్క చేప, చిన్న కానాగంత పడినా చాలు, బోణీ చేసుకుని వెళ్ళిపోదాం అనుకుంటూ కూర్చున్నాను. సముద్రంలో బోణీ కోసం ఆగిన వెర్రివాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మంచు మీద పడ్డాక నా పడవ ముందు కొస నాకే కనపడలేదు. మొదట భయం వెయ్యలేదు. లంగరు వేసి, మంచు విడిపోయేదాకా ఆగుదాం అనుకున్నాను. కానీ అడుగున మెత్తటి ఇసుక, లంగరు పట్టలేదు. పడవ మెల్లగా జరిగిపోతున్నట్టు తాడు పట్టుకున్న చేతికి తెలుస్తోంది. ఎటు జరుగుతోందో మాత్రం తెలీదు.

ఋషికుల్య ఏరు సముద్రంలో కలిసే చోటుని అక్కడివాళ్ళు మొగ అంటారు. అక్కడి ఇసుక మేట ఏటా ఇటూ అటూ జరుగుతూ ఉంటుంది. పైన సముద్రం ఎంత నిదానంగా ఉన్నా, మేట మీద కెరటం విరిగిందంటే చిన్న పడవ బోర్లా పడాల్సిందే. ఈత వచ్చినవాళ్ళే అక్కడ పోయారు. నాకు ఈత అంతంతమాత్రం.

కెరటాల హోరు వినిపిస్తోంది. మంచులో ఆ హోరు అన్ని పక్కలా ఉన్నట్టే ఉంది. కళ్ళు మూసుకుని, చెవులు రిక్కించి, ఒడ్డు ఇటే అని గట్టిగా నిర్ణయించుకున్నాను. లంగరు లాగేసి అటే తెడ్డు వేశాను. లలితకి చెప్పకుండా వచ్చాను. నేను ఎక్కడున్నానో ఈ లోకంలో ఒక్కరికీ తెలీదు.

అప్పుడు వినిపించింది, కంచం మీద గరిటెతో కొట్టిన మోత.

మంచు రోజుల్లో ఎవరి పడవైనా తిరిగి రాకపోతే, ఆ ఇంటి ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి ఇత్తడి కంచాలు మోగిస్తారు. ఆ మోతని పట్టుకుని మగవాళ్ళు వచ్చేస్తారు. పొడంపేటలో ఈ ఆచారం నేను అంతకుముందు చూశాను. అందుకే వినగానే అదేమిటో తెలిసిపోయింది. రెండు దెబ్బలు, కాస్త ఆగి మళ్ళీ రెండు. తొందర లేదు, ఆగడమూ లేదు.

ఒక్కటే చిక్కు. ఆ మోత నేను ఒడ్డనుకున్న వైపు నుంచి రావడం లేదు. బాగా ఎడమ పక్క నుంచి వస్తోంది. నా లెక్కలో అటు ఉన్నది ఉత్త సముద్రం. వినాలా, నా లెక్కే నమ్ముకోవాలా? తెడ్లు ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను. ఇంత మంచులో, ఇంత చలిలో ఎవరో తల్లి నిలబడి కొడుతోంది, ఆమెకి అబద్ధం కొట్టాల్సిన పనేముంది అనిపించింది. పడవ తిప్పేశాను.

కొంత దూరం వెళ్ళాక ఒక్క క్షణం మంచు పలచబడింది. నేను ఇంతకు ముందు వెళ్తున్న వైపు చూశాను. ఇసుక మేట మీద తెల్లగా, మనిషి ఎత్తు కెరటాలు విరుగుతున్నాయి. ఇంకాస్త సేపు అటే తెడ్డు వేసి ఉంటే ఇది చెప్పడానికి నేను ఉండేవాణ్ణి కాదు. మళ్ళీ మంచు మూసుకుంది. కళ్ళ నీళ్ళు తుడుచుకోడానికి కూడా తెడ్లు వదల్లేదు.

మోత దగ్గరైంది. పడవ అడుగు ఇసుకని తాకింది. అంతే, మోత ఆగిపోయింది.

దిగి, పడవని పైకి లాగి, "ఎవులమ్మా? బతికించేవు తల్లీ!" అని గట్టిగా అరిచాను. బదులు లేదు. నాలుగడుగులు వేశాక నేను ఎక్కడ దిగానో తెలిసింది. అది పాత పొడంపేట. సముద్రం ఒడ్డుని కోసేస్తుంటే జనమంతా ఎప్పుడో లోపలి కాలనీకి వెళ్ళిపోయారు. ఇప్పుడు అక్కడ మొండి గోడలు తప్ప ఏమీ లేవు. తడి ఇసుక మీద పీతల గీతలు ఉన్నాయి, నా అడుగులు ఉన్నాయి. ఇంకో మనిషి అడుగు లేదు.

నేను వ్యాపారస్తుణ్ణి, సరుకు తిరగేసి చూడనిదే నమ్మను. ఏ రేకు ముక్కో గాలికి కొట్టుకుందేమో అని గోడలన్నీ తిరిగాను. రేకు లేదు, అసలు గాలే లేదు. తాబేళ్ళకి కాపలా ఉండేవాళ్ళు ఎవరైనా కొట్టారేమో అని తర్వాత వాళ్ళనీ అడిగాను. ఆ పొద్దున్న తాము అటు రానే లేదన్నారు.

కాలనీకి నడిచి వెళ్ళేసరికి పోలమ్మ పొయ్యి రాజేస్తోంది. నన్ను చూసి, "ఏటి బాబూ, ఇలగ తడిసిపోనావు? ఎప్పుడొచ్చినావు?" అంది. జరిగింది చెప్పాను. ఆమె పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"మా ఊరోలందరూ ముందే ఒచ్చీసినారు గదా. నువ్వెల్లినట్టే ఎవులికీ తెల్దు. కంచం ఎవులు కొడతారు బాబూ?"

చుట్టుపక్కల ఇళ్ళన్నీ అడిగింది. ఆడవాళ్ళెవరూ గడప దాటలేదు. చివరికి నా దగ్గరికొచ్చి, "కంచంలో సేపేసినావా?" అని అడిగింది. మోత పట్టుకుని ఒడ్డుకొచ్చిన వాడు, కొట్టిన ఆమె కంచంలో ఒక చేప వెయ్యాలట. అది వాళ్ళ మర్యాద. నా దగ్గర చేపా లేదు, ఎదురుగా కంచమూ లేదు. అదే చెప్పాను. "సర్లే, బతికొచ్చినావు. అదే సాలు" అని వేడి గంజి ఇచ్చింది. అంత రుచిగా నేనేదీ తాగలేదు.

ఇంటికొచ్చి లలితకి అంతా చెప్పాను. కొంగ అనలేదు, తిట్టలేదు. చాలాసేపు ఏడ్చింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, వాళ్ళ పుట్టింటి వాళ్ళు పెళ్ళికి ఇచ్చిన ఇత్తడి కంచం తీసి చింతపండుతో తోమింది. "మళ్ళీ అలాటి మంచు పడితే నన్ను తీసుకెళ్ళండి. మీ ప్రాణం నిలబెట్టిన పని, నేనూ ఓ పూట చేస్తాను" అంది.

మరుసటి చలికాలం ఒక రోజు తెల్లవారాక చూస్తే మా వీధి చివర కనపడలేదు. ఇద్దరం స్కూటర్ మీద బయల్దేరాం. దారంతా మంచే కాబట్టి నెమ్మదిగా వెళ్ళాం. పాత ఊరి ఒడ్డుకి చేరేసరికి బాగా పొద్దెక్కింది. అక్కడ ఎవరూ లేరు. ఏ చప్పుడూ లేదు. లలిత కొంగు నడుముకి దోపుకుని కంచం మోగించడం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి నొప్పెడితే నేనందుకుంటున్నాను.

ఎక్కువసేపు కాలేదు. మంచులోంచి ఒక తెప్ప వచ్చింది. గోపాలపూర్ వైపు నుంచి దారి తప్పిన బావా బావమరుదులు, ఇద్దరూ నడివయసు వాళ్ళు. పెద్దతను దిగుతూనే లలిత కాళ్ళ దగ్గర ఇసుక ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"నీ సెయ్యి సల్లగుండ తల్లీ. సీకటి నుంచీ ఆపకండ కొడతనే ఉన్నావు. నీ మోత లేపోతే మొగలో పడిపోదుము."

లలిత నా వంక చూసింది. "మేం ఇప్పుడే వచ్చాం అన్నా" అంది.

అతను నమ్మలేదు. చీకటిలోనే విన్నామని రెండో అతనూ ఒట్టేసి చెప్పాడు. ఇద్దరికీ ఒకేసారి భ్రమ కలగదు కదా. అప్పటికి మేము బరంపురంలో ఇల్లు కూడా దాటలేదు.

పెద్దతను ఒక పార చేప తీసి లలిత కంచంలో వేశాడు. పుట్టి బుద్ధెరిగాక చేపని ముట్టని మనిషి, ఆ కంచాన్ని కింద పెట్టకుండా రెండు చేతులతో కాలనీ దాకా మోసుకొచ్చింది. ఏం చెయ్యమంటావని పోలమ్మని అడిగింది. పోలమ్మ మొత్తం విని, కత్తిపీట ముందు కూర్చుని చేపని రెండు ముక్కలు చేసింది.

"ఇది నీ వాటా. నువ్వు తినవు గదా, నా కూరకి. ఇది నీకంటే ముందు కొట్టినామెది" అంది.

ముగ్గురం మళ్ళీ పాత ఊరి ఒడ్డుకి నడిచాం. పోలమ్మ ఆ సగాన్ని నీళ్ళలో వదిలింది. లలిత దండం పెట్టింది. నేనూ చేతులు జోడించాను. ఎవరికి పెట్టానో నాకు ఇప్పటికీ తెలీదు.