చుక్కలు లేని ప్లేటు

పీహెచ్‌డీ అయ్యాక నేను పోస్ట్‌డాక్ పరిశోధకురాలిగా చేరినప్పుడు మదనపల్లెలో మా అమ్మ ఇరుగుపొరుగుకు ఒకటే మాట చెప్పింది: "డాక్టరే గానీ సూది ఎయ్యదు." కుప్పంలో యూనివర్సిటీ ల్యాబులో నా పని, పుంగనూరు ఆవు జున్నుపాలలో సూక్ష్మజీవులు ఏ మాత్రం ఉంటాయో చూడటం. ఏటేటా పొడిగిస్తేనే నిలిచే ఉద్యోగం. పొడిగించాలంటే చేతిలో ఒక మంచి ఫలితం ఉండాలి.

నా దగ్గర ఉంది, అదీ అలాంటిలాంటిది కాదు! డెయిరీ ఫారం ఆవుల జున్నుపాలు, సూక్ష్మజీవులను పెంచే ల్యాబు ప్లేటు మీద పూస్తే మర్నాటికి చుక్కలు చుక్కలుగా మొలిచేవి. పుంగనూరు ఆవువి పూస్తే ప్లేటు దాదాపు ఖాళీ. ఇంత పొట్టి ఆవు పాలలో ఏముంది? అన్నం తింటున్నా అదే ఆలోచన. మా ప్రొఫెసర్ ఎగిరి గంతేసినంత పని చేశారు.

పాలు పుంగనూరు దగ్గరి ఒక పల్లె నుంచి తెచ్చేదాన్ని. ఈనిన ఆవు కొత్త మనిషిని చూస్తే పాలు చేపదని, ఆవులున్న అక్క నన్ను కొట్టంలోకి రానిచ్చేది కాదు. స్టెరిలైజ్ చేసిన నా సీసాలు లోపలికి పోయి, నిండి బయటికి వచ్చేవి.

ఉద్యోగం పొడిగించే ఇంటర్వ్యూకు ముందు వారం ఇంకో ఆవు ఈనింది. ఆ రోజు ఉండబట్టలేక తడిక సందులోంచి చూశాను. అక్క పాలు సీసాలో పోసి, కొంగు ముడి విప్పి, ఏదో తీసి అందులో వేసింది.

"అక్కా! ఏం వేసినావు?"

"యాల మా అట్లరుస్తావు? పసుపే. జున్నుపాలు గడప దాటేటప్పుడు చిటికెడు ఎయ్యకుంటే ఆవుకు దిష్టి తగల్దా?"

"ప్రతిసారీ వేస్తాండావా?"

"ఎయ్యకుంటే ఎట్లా? నీ సీసాలకు ఇంగ రోంత ఎక్కువే ఏస్తాండాను. దూరం పోయేటివి కదా!"

జున్నుపాలే పచ్చన, అందులో పసుపు ఎవరికి కనిపిస్తుంది? దెబ్బ తగిలితే మనం పసుపు అద్దేది సూక్ష్మజీవులు పెరగకూడదనే కదా! అక్కను బతిమాలి, ఉప్పూ మిరపకాయలతో ఆవుకు దిష్టి తీయించి, పసుపు లేని సీసాతో కుప్పం బస్సెక్కాను. ప్లేటు ఖాళీగా ఉండాలని దారంతా మొక్కుకున్నాను.

మర్నాడు మూత తీస్తే ప్లేటు నిండా చుక్కలే. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, అవే పాలలో చిటికెడు పసుపు కలిపి ఇంకో ప్లేటు పెట్టాను. తెలుసుకోకుండా ఉండలేని పాడు బుద్ధి నాది. ఆ ప్లేటు దాదాపు ఖాళీగానే వచ్చింది.

ఇంటర్వ్యూలో రెండు ప్లేట్లూ బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ప్రొఫెసర్ నా ముఖం వైపు చూడలేదు. ఉద్యోగం పొడిగించలేదు.

అక్కకు ఫోన్ చేసి, పసుపు లేకుంటే పాలలో ఆ విశేషం లేదని తేలిందనీ, ఉద్యోగం పోయిందనీ చెప్పాను.

"ఆ కడపటి సీసాలో నువ్వే రోంత ఏసుకోకపోయినావా మా? ఉద్యోగమన్నా నిలిచేది. ఎవురు సూడొచ్చినారు?"

"నేను చూసినాను కదక్కా," అన్నాను.