మెట్ల కింది హాజరు

కండక్టరమ్మ గొంతు గురించి ముందు చెప్పాలి. కాళ్ళతో మొదలుపెడితే ఆవిడకు కోపం వస్తుంది. ఇరవై రెండేళ్ళు సిటీ బస్సులో టికెట్లు కొట్టిన మనిషి. వెనక తలుపు దగ్గర నిలబడి నోరు తెరిచిందంటే ఇంజను మోతను దాటుకుని మాట డ్రైవరు చెవిలో పడేది. పాసు ఇంట్లో మరిచిపోయామని నటించే పెద్దమనుషులు, ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్ళు ఆ గొంతు వింటే పిల్లుల్లా లోపలికి జరిగేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఎవరో నీతి చెప్పబోతే, "ఊరు మంచిదైతే నాకీ నోరెందుకండీ" అని అడిగిన మనిషి.

రెండేళ్ళ కిందట ఒక వాన మధ్యాహ్నం, అడ్డం వచ్చిన లారీని తప్పించబోయి డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. తెరిచి ఉన్న తలుపులోంచి ఆవిడ రోడ్డు మీద పడింది. ఎడమ తుంటి విరిగింది, మోకాలు నుజ్జయింది. రెండు ఆపరేషన్లు అయ్యాక తేలిందేమిటంటే, చదును నేల మీద వాకరు పట్టుకుని ఇరవై అడుగులు వేయగలదు. మెట్టు మాత్రం ఎక్కలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా.

డిపో డాక్టరు ఆవిడను పరీక్షించి 'పనికి తగదు' అని రాశాడు. ఉద్యోగం పోయింది, ఉద్యోగంతో వచ్చిన క్వార్టరూ పోయింది. తలుపులూ కిటికీలూ చేసే తమ్ముడు వచ్చి అక్కను తనింటికి తీసుకుపోయాడు. అతని రెండు గదుల ఇంట్లో ముందు గది ఆవిడది అయింది. గోడకు ఆనించిన చెక్కల పక్కన ఒక మంచం, మంచం కింద ట్రంకు పెట్టె, గాలి వీస్తే దుప్పటి మీదికి రంపపు పొట్టు.

అమ్మానాన్నా పోయాక ఆ తమ్ముణ్ణి పెంచింది, పనిలో పెట్టించింది, పెళ్ళి చేసింది ఈ అక్కే. ఇప్పుడు అతని ఇంట్లో అతని కంచంలో తినాల్సి వచ్చింది. మరదలు గయ్యాళిదైతే రోజుకో పోట్లాట పెట్టుకుని హాయిగా బతికేది. ఆ పిల్ల ఉత్త మంచిది. వేడినీళ్ళు పెట్టి, మంచం దగ్గరికే టీ తెచ్చి, "ఏం కావాలి వదినా" అని అడుగుతుంది. అలా అడిగినప్పుడల్లా కండక్టరమ్మ ఏం వద్దని చెప్పి దుప్పటి మీది పొట్టు దులుపుకునేది.

ఆవిడకు కావలసింది ఒక్కటే. ఇరవై రెండేళ్ళు జీతంలో కోత కోయించుకున్నందుకు సామాజిక భద్రత ఆఫీసు వాళ్ళు ఇవ్వవలసిన వైకల్య పెన్షన్. అది వస్తే పక్క సందులో కింది వాటాలో ఒక గది తీసుకుంటుంది. తన తలుపుకు తన తాళం వేసుకుంటుంది. రాకపోతే బతికినన్నాళ్ళూ రంపపు పొట్టే.

దరఖాస్తు పెట్టింది. వైద్య పరీక్షకు రమ్మన్నారు. పరీక్ష మూడో అంతస్తులో. నడవలేనివాళ్ళను పరీక్షించే గదిని మూడో అంతస్తులో పెట్టాలన్న బంగారం లాంటి ఆలోచన ఎవరికి వచ్చిందో తెలియదు. లిఫ్టు ఉంది. దాని తలుపు మీద 'మరమ్మతులో ఉంది' అన్న బోర్డూ ఉంది. ఆ బోర్డుకు చెక్క ఫ్రేము కట్టించి మేకులు కొట్టారంటే, మరమ్మతు ఎన్నాళ్ళ నాటిదో మీరే ఊహించుకోండి.

"నా వీపు ఉన్నదెందుకు? ఎక్కక్కా," అన్నాడు తమ్ముడు.

అరవై ఆరు మెట్లు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఎదురొచ్చేవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఆవిడ తమ్ముడి చొక్కా కాలరులో మొహం దాచుకుంది. పైకి చేరాక డాక్టరు గది బయట దించితే, జుట్టు సవరించుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, గోడ పట్టుకుని ఆరడుగులు నడిచి లోపలికి వెళ్ళింది. అధికారుల ముందుకు చింపిరి తలతో వెళ్ళే మనిషి కాదు.

"ఎలా వచ్చారు?" అన్నాడు డాక్టరు, కాగితంలోంచి తల ఎత్తకుండా.

"బాగానే వచ్చానండి," అంది ఆవిడ.

నెల తిరక్కుండా జవాబొచ్చింది. 'మూడో అంతస్తులోని గదికి ఇబ్బంది లేకుండా వచ్చారు. పని చేయగలరు. దరఖాస్తు తిరస్కరించడమైనది.'

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోవడం అంటే ఇదే. తమ్ముడు ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివి రెండు రోజులు అన్నం మానేశాడు. కండక్టరమ్మ మాత్రం మొదట నవ్వింది. "డిపో వాళ్ళేమో పనికిరానంటారు, వీళ్ళేమో పనికొస్తానంటారు. ఇద్దరినీ ఒక బస్సెక్కించి ఎక్కడైనా దింపి రావాలి," అంది. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. చాలాసేపు ఇటు తిరగలేదు.

బుధవారాల్లో లైబ్రరీ పక్క గదిలో ఒక లాయరమ్మాయి ఉచితంగా సలహాలిస్తుందని మరదలు కనుక్కొచ్చింది. లైబ్రరీకి మెట్లు లేవు. అక్కడ బెంచీ నిండా జనం. పెళ్ళి చేసుకుంటే పెన్షన్ ఆగిపోతుందా అని ఒకరు, కొడుకు సంపాదిస్తే నాది కోస్తారా అని ఇంకొకరు, ఇంట్లో కూర్చుని నాలుగు సంచులు కుట్టుకుంటే తప్పా అని వేరొకరు. లాయరమ్మాయి ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెబుతోంది. వింటూ కూర్చున్న కండక్టరమ్మకు ఒకటి అర్థమైంది. ఎవరు ఏ మాటల్లో అడిగినా అందరూ అడుగుతున్నది ఒకటే. మేం చెప్పేది నమ్ముతారా అని.

తన వంతు వచ్చాక ఆవిడ సూటిగా అడిగింది. "ఒకళ్ళు మోసుకుపోతే నేను నడిచినట్టేనా అమ్మా?"

"కాదండి. కానీ మీరు చెప్పలేదు, వాళ్ళు అడగలేదు," అంది లాయరమ్మాయి. "అప్పీలు చేద్దాం. అప్పీలంటే మళ్ళీ వెళ్ళి బతిమాలుకోవడం కాదు. వాళ్ళు రాసింది తప్పని చూపించడం. విచారణ ఎక్కడో తెలుసా?"

"మూడో అంతస్తా?"

"మూడో అంతస్తే."

తమ్ముడు వెంటనే ముందుకు వంగాడు. "ఫర్వాలేదు మేడమ్, నేను మోసుకుపోతా."

"మోసుకుపోతే మళ్ళీ అదే రాస్తారు. వెళ్ళకపోతే గైర్హాజరని రాసి ఫైలు మూసేస్తారు. ఆ తర్వాత ఇంక అడగడానికి ఉండదు."

కండక్టరమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. "అంటే వస్తే ఆరోగ్యవంతురాల్ని, రాకపోతే లేనేలేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నేనూ నా వాకరూ."

లాయరమ్మాయి నవ్వి, ఒక ఉత్తరం రాసిచ్చింది. మెట్లు ఎక్కలేను కాబట్టి నా విచారణ కింద జరపండి అని నాలుగు వాక్యాలు. ఆఫీసులో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోమంది. "విచారణ రోజు నాకు వేరే చోట పనుంది, రాలేను. మీరు టైముకు ముందే తలుపు దగ్గర ఉండండి. మీరు వచ్చినట్టు నలుగురికీ తెలియాలి."

ఉత్తరానికి జవాబు రాలేదు. విచారణ రోజు మాత్రం వచ్చింది.

పదిన్నరకల్లా తమ్ముడు బాడుగ బండిలో అక్కను తీసుకొచ్చి, తలుపు లోపల మెట్ల మొదట్లో ఇంటి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అక్కడ అప్పటికే చంకకర్రలతో ఒక రంగులేసే ఆయన నిలబడి ఉన్నాడు. "నేను వైద్య పరీక్షనాడూ ఇంతవరకూ వచ్చానమ్మా. రాలేదని రాశారు," అన్నాడు.

బంట్రోతు పైనుంచి దిగి వచ్చాడు. నిక్కచ్చి మనిషి, చొక్కా గుండీ మెడదాకా పెట్టుకున్నవాడు. సంతకం పెడతాను రిజిస్టరు తెమ్మని కండక్టరమ్మ అడిగితే తల అడ్డంగా ఊపాడు. "రిజిస్టరు కిందికి దింపే రూలు లేదమ్మా. పైకొచ్చి సంతకం పెడితేనే హాజరు."

"నేనిక్కడ కనిపిస్తున్నానా నీకు?"

"కనిపిస్తున్నారు."

"మరి?"

"నాకు కనిపిస్తే చాలదమ్మా, రిజిస్టరుకు కనిపించాలి," అని అతను మళ్ళీ పైకి ఎక్కిపోయాడు.

విచారణ టైము పదకొండూ కొట్టింది. తమ్ముడికి చెమటలు పట్టాయి. అక్క ముందు నేల మీద కూలబడి వీపు చూపించాడు. "ఎక్కక్కా. ఏం రాసుకుంటే అది రాసుకుంటారు. ఫైలు మూసేస్తే మనకింకేం మిగలదు. ఎక్కు."

ఒక్క క్షణం ఆవిడ చేతులు వాడి భుజాల మీద పడ్డాయి. ఎక్కితే ఐదు నిమిషాల పని. ఆవిడకు నిజంగానే భయం వేసింది. కానీ ఆ చేతులు వెనక్కి తీసేసుకుంది. "లేరా. ఇక్కడే ఉంటాను," అంది.

పై నుంచి బంట్రోతు పిలుపు వినిపించింది. "ఫైలు నూట పద్నాలుగు, హాజరేనా?" ఆ కార్యాలయంలో మూడుసార్లు పిలుస్తారు, పలక్కపోతే గైర్హాజరు. రెండో పిలుపూ అయింది. మూడోది సగంలో ఉండగా కండక్టరమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని, ఛాతీ నిండా గాలి పీల్చుకుంది. రెండేళ్ళుగా మంచం మీద మూలుగులకే పనికొచ్చిన గొంతు అది.

"హాజర్!"

మెట్ల మధ్య ఖాళీలోంచి ఆ మాట మూడంతస్తులూ ఎక్కింది. టైపు మోతలు ఆగిపోయాయి. ఒక్కో అంతస్తులో రెయిలింగు మీంచి తలలు బయటికి వచ్చాయి. అన్నిటికన్నా పైన కళ్ళజోడుతో ఒక బట్టతల కనిపించింది. విచారణాధికారి.

"ఎవరమ్మా అరిచింది?"

"నూట పద్నాలుగో నంబరండి. పదిన్నర నుంచీ ఇక్కడే హాజరుగా ఉన్నాను."

"పైకి వచ్చి మాట్లాడండి."

"పైకి రాగలిగితే నాకు మీతో పనేముందండి? ఈపాటికి బస్సెక్కి డ్యూటీలో ఉండేదాన్ని."

రెండో అంతస్తులో ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి రెయిలింగు మీద ఇంకాస్త వంగాడు. "ముందుగా రాసి ఇవ్వాలి కదమ్మా," అన్నాడు.

"ఇరవై రోజుల కిందటే ఇచ్చాను. మీ ఆఫీసు ముద్ర ఉంది. చదవమంటారా?"

ఆయన చదవమనలేదు, వద్దనీ అనలేదు. ఆవిడ చదివేసింది. స్టాపుల పేర్లు పిలిచినట్టు, మాట మాట విడదీసి, నాలుగు వాక్యాలూ భవనమంతటికీ వినిపించింది. చివర ముద్ర మీది తేదీ కూడా. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగాక కూడా పెట్టనివాళ్ళకు ఏం చెయ్యాలో ఆ రోజు ఆ భవనంలో అందరూ నేర్చుకున్నారు.

అధికారి తల లోపలికి పోయింది. తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ముందు అధికారి, చంకలో ఫైలు. వెనక రిజిస్టరు మోసుకుంటూ బంట్రోతు.

కాపలావాడి బల్ల ఖాళీ చేయించి విచారణ మొదలుపెట్టారు. అధికారి ఫైలు తిప్పాడు. "ఎలా వచ్చారని డాక్టరు అడిగితే బాగానే వచ్చానన్నారట. నిజమేనా?"

"నిజమేనండి."

"మరెందుకన్నారు?"

కండక్టరమ్మ గొంతు ఈసారి పెద్దది కాలేదు. "సిగ్గేసిందండి. బస్సు నిండా జనాన్ని అదిలించి బతికినదాన్ని. ఈ వయసులో చంటిపిల్లలా తమ్ముడి వీపెక్కి వచ్చానని ఎలా చెప్పుకోను? ఆ రోజు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను, రాసుకోండి. మెట్టు ఎక్కలేను. బస్సు మెట్టూ ఎక్కలేను, మీ మెట్టూ ఎక్కలేను. నిలబడి చేసే పని నావల్ల కాదు."

నావల్ల కాదు అన్న మాట ఆవిడ నోట తమ్ముడు పుట్టి బుద్ధెరిగి వినలేదు. తల వంచుకున్నాడు.

"మోసింది ఇతనేనా? ఇంటి మనిషి మాటొక్కటే చాలదు," అన్నాడు అధికారి. "బయటివాళ్ళు ఎవరైనా చూశారా?"

తమ్ముడు మెట్లవైపు, తలుపువైపు చూశాడు. చూసినవాళ్ళు ఎంతోమంది. వాళ్ళను ఎక్కడని వెతకడం? అప్పుడు బంట్రోతు రిజిస్టరును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నేను చూశానండి," అన్నాడు.

అధికారి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"రెండో అంతస్తులో ఇతనికి ఆయాసం వస్తే బెంచీ జరిపి కూర్చోమన్నది నేనే సార్. ఈవిడకు మంచినీళ్ళిచ్చాను. మొహం చూపించలేక అటు తిరిగి తాగింది. మళ్ళీ వీపెక్కించుకునే పైకి తీసుకెళ్ళాడు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నన్నెవరూ అడగలేదండి," అన్నాడు ఆ నిక్కచ్చి మనిషి. ఆ ఆఫీసులో అడగకపోవడం వల్ల ఎన్ని నిజాలు అలా గుండీలు పెట్టుకుని తిరుగుతున్నాయో.

అధికారి కలం తీశాడు. బల్ల మీద వంగి చాలాసేపు రాశాడు. రాసింది పైకి చదివాడు. వైద్య నివేదిక వాస్తవానికి విరుద్ధం. వైకల్యం నిర్ధారణ అయింది. మొదటి దరఖాస్తు తేదీ నుంచే పెన్షన్ ఇవ్వాలి. బంట్రోతు రిజిస్టరు తెరిచి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ హాజరు గడిలో సంతకం పెట్టింది. అక్షరాలు గడి దాటి పక్క గడిలోకి పోయాయి.

"తరవాతెవరు?" అని అధికారి అడిగితే రంగులేసే ఆయన చంకకర్ర పైకెత్తాడు. అధికారి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "పైనున్నవాళ్ళను కిందికి రమ్మను," అన్నాడు బంట్రోతుతో. ఎక్కగలిగినవాళ్ళంతా సణుక్కుంటూ దిగి రావడం మొదలుపెట్టారు. కండక్టరమ్మ కుర్చీలోంచి వాళ్ళందరినీ తీరిగ్గా చూసింది. ఆ రోజు ఆవిడకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

వీధిలోకి వచ్చాక తమ్ముడు బాడుగ బండి కోసం అటూ ఇటూ చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. "నేను మోసుకుపోబట్టే కదక్కా నీకింత కష్టం వచ్చింది," అన్నాడు. ఏడాదిగా కడుపులో పెట్టుకున్న మాట అది.

"ఒరే పిచ్చోడా. నువ్వు మొయ్యడం తప్పు కాదు. వాళ్ళు రాయడం తప్పు, నేను దాచుకోవడం తప్పు. బండి వద్దు, బస్సులో పోదాం."

"బస్సా? మెట్టు ఎంత ఎత్తో తెలుసు కదా."

"నాకు చెబుతావా?"

బస్సు వచ్చి ఆగింది. కిటికీల నిండా మొహాలు. తమ్ముడు ఏం చెయ్యాలో తెలియక వాకరు పట్టుకుని నిలబడిపోయాడు. కండక్టరమ్మ రెండు చేతులూ అతని భుజాల మీద వేసింది. మొహం దాచుకోలేదు. తల ఎత్తి, ఆ కిటికీలవైపే చూసింది.

"మొయ్యరా. ఇప్పుడు ఎవరేం రాసుకుంటారో రాసుకోనీ," అంది.